ప్రోగ్రెసివ్ ఎంఎస్: చేతిలో ఉన్న మందా, ట్రయల్‌లో ఉన్న మందా?

ఎంఎస్ అంటే మల్టిపుల్ స్క్లెరోసిస్, మన రోగనిరోధక శక్తే మెదడు, వెన్నుపాముల్లోని నరాల తొడుగును దెబ్బతీసే జబ్బు. అది మెల్లగా ముదిరే రకమని, అంటే ప్రోగ్రెసివ్ ఎంఎస్ అని డాక్టర్ ఫైలు మీద రాశాక, ఇంటికొచ్చి ఫోన్‌లో వెతికితే పది మందుల పేర్లు కనిపిస్తాయి. ఒకటి సెలైన్‌లో ఎక్కించేది, ఒకటి మాత్ర, ఇంకోటి ఇంకా పరీక్షల్లోనే ఉంది, మరొకటి ఏదో స్టెమ్ సెల్ ప్యాకేజీ. హైదరాబాద్‌లో క్లినికల్ ట్రయల్స్ కోఆర్డినేటర్‌గా పనిచేస్తున్నాను కాబట్టి ఇలాంటి జాబితాలు పట్టుకొచ్చే కుటుంబాలతో తరచూ మాట్లాడుతుంటాను. నేను డాక్టర్‌ని కాదు, మందు రాసేది మీ న్యూరాలజిస్టే. ఒక మందును ఎవరి మీద పరీక్షించారు, ఏం కొలిచారు, ఎంత తేడా వచ్చింది అని కాగితాలు తిరగేయడం మాత్రం నా పని. అందుకే నా మాట ముందే చెప్పేస్తాను: మందు ఎంత కొత్తది, ఎంత ఖరీదైనది అన్నది తర్వాత. మీ వయసు, మీ నడక, మీ ఎమ్మారై ఉన్నవాళ్ల మీద దాన్ని పరీక్షించారా లేదా అన్నది మొదట చూడాలి.

ముందు ఫైలులో తేల్చుకోవాల్సింది

మొదటి రోజు నుంచీ మెల్లగా ముదురుతూ వచ్చేది ప్రైమరీ ప్రోగ్రెసివ్. కొన్నేళ్లు రిలాప్స్‌లు (లక్షణాలు ఒక్కసారిగా విజృంభించడం) వచ్చి తగ్గుతూ, ఆ తర్వాత రిలాప్స్‌లతో పని లేకుండా దిగజారేది సెకండరీ ప్రోగ్రెసివ్. ఇంతవరకు దాదాపు అందరికీ తెలుసు. 2013లో నిపుణులు దీనికి ఇంకో విభజన చేర్చారు: యాక్టివ్, నాన్ యాక్టివ్. ఈమధ్య రిలాప్స్ వచ్చినా, ఎమ్మారైలో కొత్త మచ్చలు కనిపించినా, కాంట్రాస్ట్ (స్కాన్‌కు ముందు నరంలోకి ఎక్కించే మందు) ఇచ్చినప్పుడు వెలిగే మచ్చ ఉన్నా యాక్టివ్ కిందికి వస్తుంది. మందు ఎంపికలో సగం ఈ ఒక్క మాట మీదే తేలిపోతుంది.

ఎందుకంటే, ఇప్పుడున్న మందుల్లో ఎక్కువ శాతం రక్తంలోని రోగనిరోధక కణాలను మెదడులోకి పోనివ్వకుండా ఆపుతాయి. జబ్బు ముదిరాక మంట మెదడు లోపలే స్థిరపడుతుంది. అక్కడి మైక్రోగ్లియా కణాలు (మెదడులోనే ఉండే రోగనిరోధక కణాలు) రగులుతూనే ఉంటాయి, తొడుగు పోయిన నరాల తీగలు మెల్లగా అరిగిపోతాయి. గేటు దగ్గర కాపలా పెడితే ఇంట్లో దూరినవాడు పోడు కదా. అందుకే రిలాప్స్‌లకు బ్రహ్మాండంగా పనిచేసిన మందులు ప్రోగ్రెసివ్ ట్రయల్స్‌లో వరసగా చతికిలబడ్డాయి. ఫింగోలిమాడ్‌ను ప్రైమరీ ప్రోగ్రెసివ్‌లో పరీక్షించిన ఇన్ఫార్మ్స్ ట్రయల్ 2016లో, నటాలిజుమాబ్‌ను సెకండరీలో పరీక్షించిన అసెండ్ 2018లో విఫలమయ్యాయని ప్రచురించారు. రెండూ పెద్ద ట్రయల్సే.

కాబట్టి డాక్టర్ దగ్గరికి పోయేటప్పుడు పాత ఎమ్మారై సీడీలు అన్నీ తీసుకెళ్లండి. రిపోర్టు కాగితం ఒక్కటే చాలదు, పక్కపక్కన పెట్టి చూడాల్సింది బొమ్మలను. వీలైతే ప్రతిసారీ ఒకే సెంటర్‌లో, ఒకే మెషీన్ మీద తీయించండి. ఇంకో మాట: ఎంఎస్‌ను పోలి ఉండే ఎన్ఎంఓ అనే జబ్బు మన దగ్గర ఉంది. ఆక్వాపోరిన్-4 యాంటీబాడీ పరీక్ష ఎప్పుడూ చేయించకపోయి ఉంటే ఒకసారి అడగండి. ఎంఎస్‌కు వాడే కొన్ని మందులు ఆ జబ్బును ఇంకా రేపుతాయి.

ఓక్రెలిజుమాబ్, రిటుక్సిమాబ్: అందరూ అడిగే పోలిక

ప్రైమరీ ప్రోగ్రెసివ్‌కు అమెరికాలో అనుమతి పొందిన మొదటి మందు ఓక్రెలిజుమాబ్, 2017 మార్చిలో. దాని వెనకున్న ఒరటోరియో ట్రయల్‌లో 732 మంది పాల్గొన్నారు. 12 వారాలు నిలిచి ఉన్న వైకల్యం పెరుగుదలను కొలిస్తే, డమ్మీ మందు (అసలు మందు లేనిది, పోల్చడానికి ఇచ్చేది) తీసుకున్నవాళ్లలో 39.3 శాతం మందికి, అసలు మందు తీసుకున్నవాళ్లలో 32.9 శాతం మందికి జబ్బు ముదిరింది. ప్రచారంలో దీన్ని "24 శాతం తగ్గింపు" అంటారు. అబద్ధం కాదు, లెక్క కట్టే పద్ధతి అది. ఇంట్లో కూర్చుని ఆలోచించేటప్పుడు మాత్రం ఇలా అనుకోండి: వందమంది వాడితే, ఆ ట్రయల్ కాలంలో ఆరేడుగురికి అదనంగా మేలు జరిగింది. ఆగిపోలేదు, నెమ్మదించింది. పోయిన నడక తిరిగి రావడం అన్నది ఈ లెక్కలో లేనే లేదు.

రిటుక్సిమాబ్ కూడా అదే తరహా మందు. బి కణాలనే ఒక రకం రోగనిరోధక కణాల మీదున్న సీడీ20 అనే గుర్తును పట్టుకుని ఆ కణాలను తీసేస్తుంది. క్యాన్సర్‌కు, కీళ్లవాతానికి ఎప్పటినుంచో వాడుతున్నారు. మన హైదరాబాద్ కంపెనీ డాక్టర్ రెడ్డీస్ 2007లోనే రెడిటక్స్ పేరుతో దీని బయోసిమిలర్ (దాదాపు అదే మందు, వేరే కంపెనీ తయారీ) తెచ్చింది. అందుకే ఇక్కడ ఎంఎస్ ఇళ్లలో ఈ పేరు బాగా వినబడుతుంది. ప్రైమరీ ప్రోగ్రెసివ్‌లో దీన్ని పరీక్షించిన ఒలింపస్ ట్రయల్ 2009లో వచ్చింది: 439 మంది, 96 వారాలు. డమ్మీ మందు వైపు 38.5 శాతం, రిటుక్సిమాబ్ వైపు 30.2 శాతం మందికి జబ్బు ముదిరింది.

ఒకసారి ఆగి ఈ అంకెలు మళ్లీ చూడండి. "గెలిచిన" ఓక్రెలిజుమాబ్‌లో తేడా ఆరున్నర దాకా, "ఓడిన" రిటుక్సిమాబ్‌లో ఎనిమిది పైన! మరి ఇదెలా ఓడింది? మనుషులు తక్కువ. 439 మందిలో వచ్చిన ఆ తేడా యాదృచ్ఛికం కాదని గణాంకాలు గట్టిగా చెప్పలేకపోయాయి. పైగా ఒలింపస్‌లో 65 ఏళ్ల దాకా తీసుకున్నారు, ఒరటోరియోలో 55 దగ్గరే ఆపేశారు. ఒలింపస్‌లో 51 ఏళ్ల లోపువాళ్లను, కాంట్రాస్ట్‌తో వెలిగే మచ్చలున్నవాళ్లను విడిగా చూస్తే మేలు స్పష్టంగానే కనిపించింది. ఆ పాఠం నేర్చుకున్నాకే ఒరటోరియోను చిన్న వయసువాళ్లతో, ఎక్కువమందితో నడిపారు. వేర్వేరు ట్రయల్స్ అంకెలను ఎదురెదురుగా పెట్టి ఇది మేలు, అది మేలు అనకూడదన్నది మా వృత్తిలో మొదటి సూత్రం. కాబట్టి రిటుక్సిమాబ్ మెరుగైనదని నేను అనడం లేదు. "పనిచేయదని తేలింది" అనే మాట తప్పు, "తేలలేదు" అన్నదే సరైన మాట అంటున్నాను.

నా లెక్కలో, యాభై లోపు వయసు, యాక్టివ్ ఎమ్మారై, ఖర్చు భరించే దారి ఉంటే ఓక్రెలిజుమాబ్‌కు కాగితం బలం ఎక్కువ. అదే మనిషికి డబ్బు కుదరకపోతే, డాక్టర్ రిటుక్సిమాబ్ అన్నారని "రెండో రకం వైద్యం" చేస్తున్నారని బాధపడక్కర్లేదు. స్వీడన్‌లో ఎంఎస్‌కు దీన్ని విస్తృతంగా వాడతారు. 2023లో డబ్ల్యూహెచ్ఓ అత్యవసర మందుల జాబితాలో ఎంఎస్ కోసం చేర్చింది కూడా. ఒక చిక్కు ఉంది: ఎంఎస్‌కు ఇది లేబుల్ మీద లేని వాడకం, అంటే అనుమతి పొందిన జబ్బుల్లో ఎంఎస్ లేదు, కాబట్టి ఇన్సూరెన్స్ వాళ్లు కొర్రీ పెట్టొచ్చు. ఎక్కించుకోవడానికి ముందే ప్రీ ఆథరైజేషన్ (ఇన్సూరెన్స్ కంపెనీ ముందస్తు అనుమతి) రాతపూర్వకంగా తీసుకోండి.

అరవై దాటి, వీల్‌చైర్‌లో ఉండి, ఏళ్ల తరబడి కొత్త మచ్చ లేనివాళ్ల సంగతి వేరు. ఒరటోరియోలో అలాంటివాళ్లు లేరు. ఒక కర్రతోనో రెండు కర్రలతోనో నడవగలిగేంత వరకే తీసుకున్నారు. చేతుల పనితనం కోసం, 65 ఏళ్ల దాకా, వీల్‌చైర్ వాడేవాళ్లను కూడా తీసుకుని ఒరటోరియో హ్యాండ్ అని ఇంకో ట్రయల్ పెట్టారు. మీ ఇంటి మనిషి పరిస్థితి అదైతే డాక్టర్‌తో దాని ఊసెత్తండి. కాళ్లు పోయినా చెయ్యి నిలిస్తే చెంచా పట్టుకోవచ్చు, ఫోన్ నొక్కుకోవచ్చు, వీల్‌చైర్ జాయ్‌స్టిక్ తిప్పుకోవచ్చు. అది చిన్న విషయం కాదు.

రెండు మందులకూ ముందు పరీక్షలు ఒకటే: హెపటైటిస్ బి, టీబీ, రక్తంలో ఇమ్యునోగ్లోబులిన్లు (ఇన్ఫెక్షన్లతో పోరాడే ప్రోటీన్లు). మన ఊళ్లో టీబీ పరీక్ష లాంఛనం కాదు, గట్టిగా అడిగి చేయించుకోండి. టీకాలు ఏవైనా ఉంటే మందుకు ముందే కానివ్వాలి, తర్వాత అవి సరిగా పట్టవు. మూత్రం ఇన్ఫెక్షన్లు పదేపదే వచ్చేవాళ్లు దాన్ని ముందు అదుపులోకి తెచ్చుకోవాలి. ఓక్రెలిజుమాబ్ వాడే ఆడవాళ్లు రొమ్ము పరీక్షలు వాయిదా వేయకూడదు, ట్రయల్‌లో ఆ క్యాన్సర్ కేసులు మందు వైపే కనిపించాయి.

మాత్రలు: సిపోనిమాడ్, టోలెబ్రుటినిబ్

సెకండరీ ప్రోగ్రెసివ్‌కు సిపోనిమాడ్. 1,651 మందితో చేసిన ఎక్స్‌పాండ్ ట్రయల్ 2018లో వచ్చింది. మూడు నెలలు నిలిచిన ముదురుదల డమ్మీ వైపు 32 శాతం, మందు వైపు 26 శాతం. ఇక్కడా ఆరుగురే. అమెరికా 2019లో అనుమతిచ్చింది, అదీ యాక్టివ్ జబ్బుకు. దీనికి ముందు సీవైపీ2సీ9 అనే జన్యు పరీక్ష తప్పనిసరి. ఆ జన్యువు రకాన్ని బట్టి కొందరికి రోజుకు 2 మిల్లీగ్రాములు, కొందరికి 1 మిల్లీగ్రాము. ఒక రకం వాళ్లకు మందే పనికిరాదు. గుండె వేగం ఒక్కసారిగా పడిపోకుండా డోసును అయిదు రోజులు కొంచెం కొంచెంగా పెంచుతారు. కంటి పరీక్ష, చికెన్‌పాక్స్ యాంటీబాడీ పరీక్ష కూడా కావాలి. ఈ జన్యు పరీక్ష మాట ఎత్తకుండా చీటీ రాస్తే మాత్రం ఇంకో డాక్టర్ దగ్గర చూపించుకోండి.

టోలెబ్రుటినిబ్ కథ వేరు. ఇది మెదడు లోపలికి చేరి బి కణాలతో పాటు మైక్రోగ్లియాను కూడా తాకేలా చేసిన మందు. అంటే ఇంట్లో దూరినవాడి మీదకే గురి. రెండేళ్లుగా రిలాప్స్ లేని సెకండరీ వాళ్లు 1,131 మందితో హెర్క్యులిస్ ట్రయల్ చేశారు, 2025లో ఫలితాలు ప్రచురించారు. ఆరు నెలలు నిలిచిన ముదురుదల డమ్మీ వైపు 30.7 శాతం, మందు వైపు 22.6 శాతం. రిలాప్స్‌లు లేనివాళ్లలో ఇలాంటి ఫలితం రావడం పెద్ద విషయమే. అయితే లివర్ ఎంజైములు బాగా పెరిగిన కేసులు మందు వైపు 4 శాతం ఉన్నాయి. లివర్ మార్పిడి దాకా పోయి, ఆపరేషన్ తర్వాతి చిక్కులతో ఒకరు చనిపోయారు. మొదటి నెలల్లో వారం వారం రక్తపరీక్ష అంటే చిరాకు పడేవాళ్లకు ఇలాంటి మందు సరిపడదు. విదేశాల నుంచి ఎవరో తెప్పిస్తామంటే అసలే వద్దు. లివర్ మీద కన్నేసి ఉంచే డాక్టర్ లేకుండా దీన్ని వాడటం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

మెడికల్ షాపులో దొరికే "ఆశలు"

బయోటిన్ గురించి ఇప్పటికీ అడుగుతారు. 154 మందితో చేసిన చిన్న ట్రయల్‌లో రోజుకు 300 మిల్లీగ్రాముల బయోటిన్ వేసుకున్నవాళ్లలో కొందరు మెరుగుపడ్డారు, డమ్మీ వైపు ఒక్కరూ మెరుగుపడలేదు. 642 మందితో మళ్లీ చేశారు. 2020లో వచ్చిన ఆ ఫలితం: మందు వైపు 12 శాతం, డమ్మీ వైపు 9 శాతం. ఆశ అక్కడితో ఆగిపోయింది. పైగా అంత డోసు థైరాయిడ్ రిపోర్టును, గుండెపోటు తెలిపే ట్రోపోనిన్ రిపోర్టును తప్పుగా చూపించగలదు.

సిమ్వాస్టాటిన్‌ది కూడా అదే దారి. 140 మందిలో మెదడు కుంచించుకుపోయే వేగం తగ్గింది. 964 మందితో చేసిన ఎంఎస్ స్టాట్ 2 ఫలితాలు 2024లో చెప్పారు: వైకల్యం మీద ప్రభావం లేదు. కొలెస్ట్రాల్ కోసం వాడుతుంటే మానకండి, ఎంఎస్ కోసం మొదలెట్టకండి. ఫ్లూఆక్సెటిన్, అమిలోరైడ్, రిలుజోల్ మూడింటినీ ఒకే ట్రయల్‌లో పెట్టిన ఎంఎస్ స్మార్ట్ కూడా ఖాళీ చేతులతోనే ముగిసింది.

ఇప్పుడు వాట్సాప్‌లో తిరుగుతున్నది మెట్‌ఫార్మిన్. బ్రిటన్‌లో 2023లో మొదలైన ఆక్టోపస్ ట్రయల్‌లో దీన్నీ, ఆల్ఫా లిపోయిక్ యాసిడ్‌నూ పరీక్షిస్తున్నారు. ఒకటి మన ఇళ్లలో ఉండే షుగర్ మాత్ర, రెండోది కాళ్ల మంటలకు రాసిచ్చే క్యాప్సూల్‌లో ఉంటుంది. ఈ ట్రయల్ తీరు నాకు బాగా నచ్చుతుంది. పాత పద్ధతిలో ఒక్కో మందుకు ఒక్కో ట్రయల్, ఒక్కో డమ్మీ గుంపు, ఏళ్లకేళ్లు. ఇందులో రెండు మూడు మందులకు కలిపి ఒకే డమ్మీ గుంపు. మధ్యలో ఎమ్మారై చూసి మెదడు కుంచించుకుపోవడం తగ్గని మందును తీసేస్తారు, దాని చోటులో కొత్తది చేరుస్తారు, తగ్గించిన మందును మాత్రం నడక, చేతుల పరీక్షల దాకా కొనసాగిస్తారు. అయినా ట్రయల్‌లో ఉంది అంటే ఇంకా తెలియదనే. ఇంట్లో పెద్దాయన షుగర్ డబ్బాలోంచి తీసి వేసుకోవడానికి అది అనుమతి కాదు.

ట్రయల్‌లో చేరాలా?

పై మందులు సరిపడనివాళ్లకు, ముఖ్యంగా నాన్ యాక్టివ్ వాళ్లకు, మంచి ట్రయల్ దొరికితే నేను చేరమనే అంటాను. కానీ దాన్ని ఉచిత వైద్యం అనుకుని చేరొద్దు. డమ్మీ రావచ్చు, ఏది వచ్చిందో మీకూ తెలియదు, డాక్టర్‌కూ తెలియదు.

మన దేశంలో జరిగే ప్రతి ట్రయల్ సీటీఆర్ఐ అనే ప్రభుత్వ రిజిస్ట్రీలో ఉండాలి. 2009 నుంచి ఇది తప్పనిసరి. ఎవరైనా ట్రయల్ అంటే మొదట ఆ రిజిస్ట్రేషన్ నంబరు అడగండి, సైట్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. హైదరాబాద్ సెంటర్ పేరు అందులో ఉందా, ఏ దశ ట్రయల్, ఎంతమంది, వయసు హద్దెంత, పోలుస్తున్నది డమ్మీతోనా, ఓక్రెలిజుమాబ్ లాంటి అసలు మందుతోనా, అన్నీ కనిపిస్తాయి. యాభై లోపు, యాక్టివ్ జబ్బు ఉన్న మనిషిని రెండేళ్లు ఒట్టి డమ్మీ మీద ఉంచే ట్రయల్‌కు నేనైతే మా వాళ్లను పంపను.

కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ మీద కేంద్రం తెచ్చిన 2019 నిబంధనల ప్రకారం ట్రయల్ వల్ల ఏదైనా హాని జరిగితే వైద్యం ఉచితం, పరిహారం కూడా ఇవ్వాలి. కన్సెంట్ ఫారం మీకు అర్థమయ్యే భాషలో ఉండాలి, సంతకం చేసిన ప్రతి మీ చేతికి రావాలి. ఎప్పుడు మానుకోవాలనుకున్నా మానుకోవచ్చు, మీ మామూలు వైద్యం ఆగదు. ఫారం తీసుకుని ఇంటికెళ్లి చదువుకోండి. "ఇప్పుడే పెట్టేయండి అమ్మా, సీట్లు అయిపోతున్నాయి" అని తొందరపెట్టే చోట సంతకం పెట్టకండి.

ఒకాయన తన భార్య కోసం వచ్చి నన్ను నాలుగే నాలుగు అడిగారు: "ఇప్పుడు వాడే మందు ఆపాలా? ఆపితే ఎన్ని నెలలు ఖాళీ? ట్రయల్ అయిపోయాక అసలు మందు ఇస్తారా? అర్ధరాత్రి జ్వరమొస్తే ఎవరికి ఫోన్ చేయాలి?" డాక్టర్లు కూడా అంత సూటిగా అడగరు. మీరూ ఇవే అడగండి. వనస్థలిపురం నుంచి మాదాపూర్‌కు నెలకోసారి క్యాబ్ అయితే ఆ చార్జీలు ఎవరివో కూడా కలపండి.

రోగి దగ్గర డబ్బు కట్టించుకుంటే మాత్రం అది ట్రయల్ కాదు. ఎంఎస్‌కు స్టెమ్ సెల్ అని లక్షలు అడిగే చోట్ల ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకుంటే చాలు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం ఇలాంటి జబ్బులకు స్టెమ్ సెల్స్‌ను అనుమతి ఉన్న ట్రయల్ బయట వాడకూడదు. కీమో ఇచ్చి చేసే ఎముక మజ్జ మార్పిడి వేరే సంగతి. అది కూడా రిలాప్స్‌లు ఉధృతంగా ఉన్న చిన్న వయసువాళ్లకే ఎక్కువ ఫలితమిస్తుంది, ఏళ్ల క్రితమే ముదిరిపోయిన జబ్బుకు కాదు.

మందు పనిచేస్తోందా అన్నది ఎలా తెలుస్తుంది

ట్రయల్స్‌లో మేం వాడే కొలతల్లో రెండు చాలా సాదా. నేల మీద 25 అడుగులకు టేప్ అతికించి, స్టాప్‌వాచ్ నొక్కి, క్షేమంగా ఎంత వేగంగా నడవగలిగితే అంత వేగంగా నడవమంటాం. రెండోది చిల్లుల పలక: తొమ్మిది చిన్న పుల్లలను ఒక్కోటి తీసి చిల్లుల్లో పెట్టాలి, మళ్లీ తీసేయాలి, ఒక్కో చేతికి విడిగా టైం. కుడి చెయ్యి చకచకా పోతుంటుంది, ఎడమ చేతిలో పుల్ల చిల్లు అంచుకు తగిలి జారి బల్ల కిందికి దొర్లుతుంది. ఆ జారడమే జబ్బు మాట్లాడే భాష. ఈ రెండింటిలోనూ 20 శాతం తేడాను లెక్కలోకి తీసుకుంటారు.

నడక పరీక్ష ఇంట్లోనూ చేసుకోవచ్చు, మూడు నెలలకోసారి, మనిషి పక్కన ఉండగా. అయితే మే నెల కొలతను డిసెంబర్ కొలతతో పోల్చకండి. ఎంఎస్‌లో ఒళ్లు వేడెక్కితే నరాల సంకేతాలు మందగిస్తాయి. 42 డిగ్రీల ఎండలో ఆటో దిగి వచ్చినవాళ్ల నడక ఏసీలో ఓ గంట కూర్చున్నాక మారిపోతుంది. వేడి వల్ల, మూత్రం ఇన్ఫెక్షన్ వల్ల దిగజారింది చూసి "మందు ఫెయిలైంది" అని మార్చేసుకున్నవాళ్లు ఉన్నారు. పొద్దున్నే, చల్లగా ఉన్నప్పుడు, జ్వరం లేనప్పుడు కొలవండి.

జబ్బు గతిని మార్చకపోయినా రోజును మార్చే మందులు ఉన్నాయి. డాల్‌ఫాంప్రిడీన్ 10 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, ప్రోగ్రెసివ్ వాళ్లలోనూ కొందరికి నడక వేగం పెంచుతుంది. రెండు మూడు వారాల్లో తేడా లేకపోతే ఆపేయడమే. మూర్ఛ ఉన్నవాళ్లకు, కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకు పనికిరాదు. కాళ్ల బిగుతుకు బ్యాక్లోఫెన్, దానితో పాటు ఫిజియో. లక్షల మందు గురించి గంట మాట్లాడి ఫిజియో గురించి నిమిషం కూడా మాట్లాడని ఓపీలు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఎంఎస్ పేరు ఉంది కాబట్టి వైకల్య సర్టిఫికెట్‌కు కూడా దరఖాస్తు పెట్టుకోండి.

ఎప్పుడు ఆపాలి

మొదలెట్టేటప్పుడే ఇది అడగాలి, ఎవరూ అడగరు. 55 దాటి, అయిదేళ్లుగా రిలాప్స్ లేనివాళ్లలో మందు ఆపి చూసిన డిస్కోమ్స్ ట్రయల్ 2023లో వచ్చింది. కొనసాగించిన వాళ్లలో 4.7 శాతం మందికి, ఆపినవాళ్లలో 12.2 శాతం మందికి కొత్త రిలాప్సో, కొత్త మచ్చో వచ్చింది. వచ్చినవి చాలావరకు ఎమ్మారై మచ్చలే. అంటే ఆపడం పూర్తిగా నిర్భయం కాదు, అలాగని పిచ్చిపని కూడా కాదు. నిమోనియాతో ఏడాదిలో రెండుసార్లు ఆసుపత్రిలో చేరిన 63 ఏళ్ల మనిషికి ఆ లెక్క ఒకలా ఉంటుంది, ఒక్క ఇన్ఫెక్షనూ లేని 56 ఏళ్ల మనిషికి ఇంకోలా. ఓక్రెలిజుమాబ్, రిటుక్సిమాబ్ వాడేవాళ్లు ప్రతి డోసుకు ముందు ఇమ్యునోగ్లోబులిన్ జి పరీక్ష చేయించి, ఆ అంకె పడిపోతూ వస్తుంటే తర్వాతి డోసు ఎప్పుడు, అసలు కావాలా అని డాక్టర్‌తో మాట్లాడాకే ఆసుపత్రిలో బెడ్ బుక్ చేసుకోండి.